మేడ దిగని మల్కా

గుజ్రాన్‌వాలాలో మా గల్లీ అంతటికీ పాలు పోసేది సర్దారాన్ బీబీ. మొగుడు పోయాక ఆవిడకు మిగిలింది ఒక పాత మేడ, మల్కా అనే గేదె, ఎవరికీ జడవని నోరు. పాలు పల్చగా ఉన్నాయని ఎవరైనా అంటే, "పల్చబడ్డవి నీ కళ్లు. సుర్మా పెట్టుకో" అనేది. ఆవిడ ఇంటి కింది గదిలోనే నా దర్జీ దుకాణం. అందుకే జరిగిందంతా దగ్గరుండి చూశాను.

కొత్తగా గద్దెనెక్కిన ముఖ్యమంత్రిగారు పంజాబులో ఊళ్లన్నీ అద్దంలా మెరవాలని టీవీలో సెలవిచ్చారు. పట్నంలో గేదె అన్నది కనబడకూడదు, అన్నీ ఊరవతల కట్టిన పశువుల కాలనీకి పోవాలి. మిగతా పాలవాళ్లు గొణుక్కుంటూ పోయారు. సర్దారాన్ బీబీ మాత్రం "నా పెళ్లినాటి నుంచీ ఉన్న వాకిలి ఇది, వదలను" అని కూర్చుంది. తనిఖీవాళ్లు పక్క గల్లీ దాకా వచ్చారని తెలియగానే బెల్లం కలిపిన దాణా ఎర చూపిస్తూ మల్కాను మెట్లెక్కించి మేడ మీద కట్టేసింది.

కాసేపటికి జహన్‌జేబ్ సాబ్ అనే కుర్ర ఆఫీసరు ఇస్త్రీ చొక్కాలో, వెనక జవాన్లతో వచ్చాడు.

"గేదె ఏది మాసీ?"

"ఏ గేదె బాబూ? ఎప్పుడో అమ్మేశా."

పైనుంచి మల్కా గల్లీ దద్దరిల్లేలా అరిచింది.

"మరి అదేంటి?"

"మా మరిది. పాపం, దగ్గు."

ఆ మాట అంటుండగానే మేడ తూములోంచి ధార కట్టి ఆఫీసరు భుజం మీద పడింది. ఆయన వాసన చూసుకుని, రుమాలు తీసి, "మీ మరిదికి దగ్గొక్కటే కాదు మాసీ" అన్నాడు.

ఇక దాచేదేముంది. దింపుదామని అందరం పైకెళ్లాం. మల్కా మెట్ల అంచున నిలబడి కిందికి చూసి, కాళ్లు బిగబట్టింది. జవాన్లు ముందునుంచి లాగారు, వెనకనుంచి తోశారు, తోకతో చెంపదెబ్బలు తిన్నారు. క్రేను తెప్పిస్తే అది గల్లీ మొదట్లోనే కరెంటు తీగలు అడ్డుపడి ఆగిపోయింది.

సరిగ్గా అప్పుడే ఫోనొచ్చింది. మర్నాడు ముఖ్యమంత్రిగారు మా గల్లీ శుభ్రత చూడటానికి స్వయంగా వస్తున్నారు! ఆఫీసరు ఆవిడ ముందు చేతులు జోడించాడు.

"మాసీ, నీకు దణ్ణం పెడతా. రేపొక్కపూట దాన్ని నోరెత్తనివ్వకు."

"నా మాట వినేదైతే ఎప్పుడో దిగేది కదయ్యా!"

చివరికి ఆయనే ఒక ఉపాయం కనిపెట్టాడు. పిట్టగోడ పొడుగునా ముఖ్యమంత్రిగారి నవ్వుమొహం ఉన్న పెద్ద ఫ్లెక్సీ కట్టించాడు. వెనక ఏనుగున్నా కనబడదన్నాడు.

మర్నాడు గులాబీ రేకులు, బ్యాండు, కెమెరాలు. ముఖ్యమంత్రిగారు కారు దిగి తలెత్తారు. మేడ మీద మల్కా ఆ ఫ్లెక్సీని నాకి చూసి, రుచి లేదనుకుందో ఏమో, తల పైకెత్తింది. కింద నిలబడ్డ మాకందరికీ కనబడింది ఏమిటంటే, ముఖ్యమంత్రిగారి నవ్వుమొహం, దాని నెత్తిన మెలితిరిగిన రెండు కొమ్ములు. బ్యాండు ఆగిపోయింది. నేను చేతిలో ఉన్న షల్వార్ గుడ్డ నోట్లో కుక్కుకున్నాను.

"ఎవరిదిది?"

"నాదే హుజూర్" అంటూ సర్దారాన్ బీబీ ముందుకొచ్చింది.

"గేదెలు ఉండకూడదన్నాం కదా, దింపలేదేం?"

"పైకెక్కినవాళ్లు దిగమంటే దిగుతారా హుజూర్? మీకు తెలియనిదా!"

జహన్‌జేబ్ సాబ్ కళ్లు మూసుకున్నాడు. ముఖ్యమంత్రిగారు కెమెరాల వంక ఓసారి చూసి, పకపకా నవ్వేశారు. "దీనికి దారి వేయించండి" అని కారెక్కారు.

పక్కింటి ఖాళీ జాగాలోంచి మట్టి, ఇసుక బస్తాలతో ఏటవాలు దారి వేశారు. మల్కా పెళ్లికూతురిలా నింపాదిగా దిగింది. గల్లీ అంతా చప్పట్లు కొట్టింది. సర్దారాన్ బీబీ మాత్రం దానితో పాటు కాలనీకి పోవడానికి వాకిలికి తాళం వేస్తూ మా ఎవరి వంకా చూడలేదు. ఆవిడ నోరు మెదపకుండా నడవడం నేను చూసింది ఆ ఒక్కసారే. చాలా రోజులు గల్లీ బోసిపోయింది.

కాలనీలో కొట్టాలున్నాయి, గేటుకు రంగుంది, తాగే నీళ్లు లేవు. బోరులో వచ్చేది ఉప్పునీరు. ఎలా ఉన్నారో కనుక్కుందామని వచ్చిన జహన్‌జేబ్ సాబ్‌ను ఆవిడ మంచం వేసి కూర్చోబెట్టి, ఆ నీళ్లతోనే టీ కాచి ఇచ్చింది. ఒక గుక్కకే ఆయన మొహం వంకర్లు పోయింది.

"ఆగావేం బాబూ? తాగు. మేం రోజూ తాగేదేగా."

ఆయన మొహమాటానికి కప్పంతా తాగాడు. కొద్ది రోజులకే మంచినీళ్ల గొట్టాలకు కందకాలు తవ్వడం మొదలైంది. అప్పటినుంచి కాలనీకి ఏ ఆఫీసరు వచ్చినా అక్కడివాళ్లు తమ గోడు చెప్పుకోవడం మానేశారు. "ముందు సర్దారాన్ బీబీ ఇంట్లో టీ తాగి రండి సాబ్" అని పంపిస్తున్నారు.