మూడు ఓడలు, ఒక మిరప చేను

నేను ఎక్కిన ఓడలు మూడు. మూడూ మూడు వేరు వేరు ఓడ కంపెనీలవి. ఒక్కదానికీ మేము టికెట్టు కొనలేదు. మొదటి రెండూ సంతోషంగానే ఎక్కాను. మూడోది మాత్రం మా తమ్ముడి మిరప చేను నిలుస్తుందో పోతుందో తెలియకుండా ఎక్కాను. ఆ చేను విషయంలో తమ్ముడికి మా ఆయన ఒక మాట చెప్పారు, నేను ఇంకో మాట చెప్పాను. ఎవరి మాట సరైందో ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను.

మా ఆయనకు ఒంగోలుకు ఇవతల, హైవే పక్కన ఉన్న చిన్న ఊళ్ళో పురుగుమందుల కొట్టు ఉండేది. చుట్టుపక్కల ఊళ్ళన్నీ పత్తీ మిరపే. రైతు పొద్దున్నే చేలో ఒక ఆకు తుంచి జేబులో పెట్టుకుని వచ్చి, కొట్టులో బల్ల మీద పెట్టేవాడు. ఆయన ఆకును తిరగేసి చూసి, వెనక అరలోంచి ఒక డబ్బా తీసి ఇచ్చేవారు. అదేం మందని రైతు అడిగేవాడు కాదు. ఏ డబ్బా ఇవ్వాలన్నది కొట్టువాడి చేతిలో ఉంది కాబట్టి మందుల కంపెనీలు కొట్టువాళ్ళను మంచి చేసుకునేవి. మొదట్లో గోడగడియారాలు ఇచ్చారు. తర్వాత మిక్సీలు ఇచ్చారు. తొంభైల చివరికి వచ్చేసరికి ఓడలు మొదలయ్యాయి. దీపావళిలోపు చెప్పినన్ని పెట్టెలు అమ్మితే మొగుడూపెళ్ళాలకు ఓడ ప్రయాణం. ఒక మందుల కంపెనీ ఒక ఓడ ఎక్కిస్తే, పోటీ కంపెనీ మరుసటేడు ఇంకా పెద్ద ఓడ చూపించేది.

అప్పటికి నాకు సముద్రమంటే కొత్తపట్నమే. కార్తీక మాసంలో ట్రాక్టరు మీద పోయి, మూడు మునకలు వేసి, ఒడ్డునే పులిహోర తిని వచ్చేవాళ్ళం. సముద్రంలోకి నడుము లోతు దాటి పోయిన ఆడమనిషిని నేనెరగను.

మొదటి ఓడ సింగపూరులో ఎక్కాం. పాస్‌పోర్టు కాగితం మీద వేలిముద్ర వేశాను. నాకప్పుడు సంతకం కూడా రాదు. ఓడలో నడవలు చూస్తే తల తిరిగింది. ఒకే రంగు గోడ, ఒకే రంగు తివాచీ, వరసగా ఒకేలాంటి తలుపులు. మా గది గుర్తు కోసం, మజ్జిగన్నంలోకి తెచ్చుకున్న ఎండుమిరపకాయల్లో ఒకదాన్ని దారానికి గుచ్చి తలుపు పిడికి కట్టాను. టిఫిను తిని వచ్చేసరికి అది లేదు. తుడిచే పిల్ల తీసిపారేసింది. నేను వరసగా నాలుగు తలుపులు కొట్టాను. నాలుగో గదిలోంచి ఒక తెల్ల ముసలాయన తువ్వాలుతో బయటికి వచ్చాడు. నేను దండం పెట్టాను. ఆయనా పెట్టాడు. 

ఆ ఓడ రెండు రోజులు సముద్రంలో తిరిగి, ఎక్కిన చోటే మళ్ళీ దింపింది. అది అలాంటి ఓడేనట. ఏ ఊరూ పోదు. ఇంటికొచ్చాక మా పక్కింటావిడ వచ్చి కూర్చుంది.

"ఏ దేశం పోయొచ్చావే?"

"సముద్రంలోకి పోయొచ్చాం వదినా."

"అది సరే, అవతలి గట్టు ఏదీ?"

"అవతలి గట్టుకి పోలేదు. మళ్ళీ ఇవతలికే తెచ్చాడు."

"రేవులో పడవ ఎక్కినోడు కూడా అవతల దిగుతాడు గదే! ఏం చూద్దామని పోయారు మరి?"

చూసింది నీళ్ళే. కానీ పొద్దున్నే పై అంతస్తుకు పోయి కమ్మీ పట్టుకుని నిలబడితే, గాలికి కొంగు జెండాలా ఎగిరింది. కింద ఎవరికీ కాఫీ పెట్టే పని లేదు. వాకిలి ఊడ్చే పని లేదు. పెళ్ళయిన ఇరవై ఏళ్ళలో అలా ఊరికే నిలబడింది అదే మొదలు. అదంతా ఆవిడకు చెబితే ఇంకా నవ్వుతుందని ఊరుకున్నాను.

ఆ ఓడలో మిగతా కొట్టువాళ్ళ భార్యలు ప్రతి కాగితం మీదా గబగబా సంతకాలు పెడుతుంటే నాకు సిగ్గేసింది. తిరిగొచ్చిన నెలకే మా వెనకింటి టీచరమ్మ దగ్గర అక్షరాలు మొదలుపెట్టాను. నలభై దాటాక పలకెందుకని ఆవిడ ఇంట్లో ఉన్న కాగితాలేవైనా తెమ్మంది. మా ఇంట్లో ఉన్నవి మందుల పెట్టెల్లో మడతపెట్టి వచ్చే కాగితాలే. ఒకవైపు ఇంగ్లీషు, ఇంకోవైపు హిందీ, మధ్యలో చీమల బారులా తెలుగు. నేను కూడబలుక్కుని చదివిన మొదటి వాక్యం, "గాలికి ఎదురుగా నిలబడి పిచికారీ చేయరాదు." ఏడాదికల్లా ఆ కాగితాలన్నీ చదివేశాను. రైతులు వాటిని అక్కడే కింద పడేసి పోయేవాళ్ళు. నాకు తెలిసినంతలో మా ఊళ్ళో వాటిని చదివింది నేనొక్కదాన్నే.

రెండో ఓడకు పోయేటప్పుడు సంతకం పెట్టాను. ఇప్పుడు అన్నీ తెలుస్తాయనుకున్నాను. తీరా చూస్తే ఓడలో తెలుగు ముక్క ఒక్కటి లేదు. మళ్ళీ మొదటికొచ్చింది. ఇది వేరే కంపెనీ ఓడ, మొదటిదానికంటే పెద్దది. మలేషియా వైపు రెండు రేవుల్లో ఆగింది. ఆగిన చోటల్లా బస్సెక్కించి, ఒక గుడి ముందో మేడ ముందో దింపి, టోపీలు పెట్టి ఫొటో తీసి మళ్ళీ ఓడ ఎక్కించారు. ఇప్పుడా ఫొటోలు చూస్తే ఏది ఏ ఊరో చెప్పలేను. మొదటి ఓడలో మనవాళ్ళ వంటవాడు ఉండేవాడు, పప్పుచారు దొరికేది. ఇందులో పొద్దుటిపూట రొట్టెలే. ఒంగోలు నుంచి వచ్చిన ఒక కొట్టాయన భార్య గోంగూర పచ్చడి సీసా తెచ్చింది. మూడోనాటికి ఆవిడ బల్ల దగ్గర కంపెనీ మేనేజరుతో సహా అందరం వరస కట్టాం. ఏ ఓడ బాగుందంటే నేను మొదటిదే అంటాను. ఏ ఊరూ పోనిదాన్ని ఎలా బాగుందంటావని మా ఆయన ఎన్నోసార్లు అడిగారు.

మందుల కంపెనీ మూడో ఓడ మాట చెప్పిన ఏడు ముడత పురుగు మిరపను పట్టుకుంది. ఆకులు దోనెల్లా ముడుచుకుపోయాయి. మా తమ్ముడికి రెండెకరాల మిరప. దానికి నడిమధ్య కాలువ బోదె ఒకటి, అవతల డొంక. ఆ ఏడు వాడికి వేరే పంట లేదు. పత్తి ముందే పోయింది. మిరప కూడా పోతే తిండిగింజలకు కూడా వెతుక్కోవాలి. మా ఆయన ఇచ్చిన కొత్త మందు అప్పటికే మూడుసార్లు కొట్టాడు. దీపావళికి పది రోజులుందనగా మళ్ళీ ఆకు పట్టుకొచ్చాడు.

ఆయన ఆకు తిరగేసి, "ఇంకో తడవ ఇదే కొట్టరా. పెట్టె తీసుకుపో" అన్నారు.

"పెట్టె ఎందుకు బావా? ఉన్నదే రెండెకరాలాయె."

"మిగిలింది పక్కోళ్ళకియ్యి. రెండు పెట్టెలు తక్కువున్నాయి నాకు. మీ అక్క ఓడెక్కొద్దా?"

తమ్ముడు నా వైపు చూసి నవ్వాడు. "అక్క కోసమైతే ఒకటేం ఖర్మ, రెండూ ఎత్తు."

వాడు సైకిలు వెనక పెట్టెలు కట్టుకుంటుంటే నేను మజ్జిగ గ్లాసు పట్టుకుని బయటికి వచ్చాను. ఒక పెట్టెలో కాగితం తీసి చదివాను. "వరుసగా రెండుసార్లకు మించి ఈ మందు కొట్టరాదు. పురుగు తట్టుకునే శక్తి పెంచుకుంటుంది." రెండుసార్లు చదివాను, తప్పు చదివానేమోనని.

"కొట్టమాకరా. కాగితంలో వద్దని ఉంది."

వాడు మజ్జిగ తాగి మూతి తుడుచుకున్నాడు. "నిన్నగాక మొన్న అఆలు దిద్దావు నువ్వు. బావ ఇరవై ఏళ్ళ నుంచి ఆకులు చూస్తన్నాడు. ఎవరి మాట వినమంటావ్ అక్కా?"

నిజంగానే నాకు తెలియలేదు. వాడు వెళ్ళాక ఆయన్ని అడిగాను.

"ఏమండీ, అందులో రెండుసార్లే కొట్టాలని ఉంది."

"పురుగు చదివిందా ఆ కాగితం?"

"అంటే అందులో రాసింది అబద్ధమా?"

"అబద్ధమెందుకవుద్ది?"

"అయితే నిజమేగా?"

"నిజమూ కాదే! కాగితం అది. పెట్టెకొకటి వెయ్యాలని రూలు, వేస్తారు."

నేను అక్షరాలు నేర్చుకుందే ఆ కాగితాల మీద. అవి నిజమూ కాదు, అబద్ధమూ కాదు అంటే ఇక దేన్ని నమ్మి చదవాలో అర్థం కాలేదు. ఆయన మోసగాడు కాదు. తమ్ముడంటే ఆయనకు ప్రాణం. వాడి పెళ్ళిలో అన్నం గుండిగలు స్వయంగా మోశారు. ఆకు చూసి ఆ మందు పనిచేస్తుందనుకుని ఇచ్చారా, ఆ రెండు పెట్టెలు తక్కువున్నాయని ఇచ్చారా అన్నది బహుశా ఆయనకే తెలియదు. ఇక నా సంగతి. కాగితం ఏం చెప్పినా, ఆ రాత్రి నా మనసులో పై అంతస్తు గాలి తిరుగుతూనే ఉంది. అది కూడా అబద్ధం కాదు.

రెండో రోజు తమ్ముడు కబురు పంపాడు. బోదెకు ఇవతలి ఎకరం బావ చెప్పినట్టు కొట్టాడట. అవతలి ఎకరం నేను చెప్పినట్టు వదిలేశాడట. "ఇద్దర్నీ కాదనలేకపోయానని చెప్పు అక్కకి" అన్నాడట. పెట్టెల లెక్క సరిపోయింది. ఓడ మాకు ఖాయమైంది. నాకు మాత్రం అన్నం సయించలేదు. అవతలి ఎకరం పోతే ఆ పాపం నాది.

మూడో ఓడ కొచ్చిన్‌లో ఎక్కాం. ముందు రెండింటికంటే చిన్నది, పాతది. ఊరికే ఊగేది. దీవుల మీదుగా పోతుందన్నారు. నీళ్ళు ఆకుపచ్చగా, అడుగున ఇసుక కనిపించేంత తేటగా ఉన్నాయి. అందరూ ఆహా అంటుంటే నేనూ అన్నాను. కానీ కమ్మీ పట్టుకుని నిలబడితే, నీళ్ళ మీద నాకు ముడుచుకున్న ఆకులే కనిపించాయి. ఫోనుకు వీలు లేదు. బయల్దేరే ముందు రోజు మా వైపు ముసురు పట్టిందని మాత్రం విన్నాను.

మూడో రోజు ఒక దీవిలో దింపారు. అందరూ అద్దం అడుగున్న పడవల్లో చేపలు చూడ్డానికి పోయారు. నాకు కొబ్బరిచెట్ల కింద ఎస్టీడీ బూత్ కనిపించింది. తమ్ముడింటి పక్క కిరాణా కొట్టుకు చేసి, వాణ్ణి పిలవమని చెప్పి, పది నిమిషాలాగి మళ్ళీ చేశాను. మా ఆయన బయట చెట్టుకానుకుని నిలబడ్డారు.

"చేను ఎట్టా ఉందిరా?"

"లేచింది అక్కా. కొత్త చిగురు వేసింది."

"ఏ ఎకరం?"

"రెండూ."

"బోదె అవతలిది కూడానా?"

"రెండూనంటే వినవేం? నాలుగు రోజులు కుండపోత. ముడత పురుగంతా వానకు కొట్టుకుపోయిందంటున్నారు ఊళ్ళో. నువ్వేం దేశంలో ఉన్నావు?"

"ఏదో దీవి" అన్నాను. దాని పేరు నాకు చెప్పారు కానీ గుర్తులేదు. బూత్ గోడకు తల ఆనించుకుని కాసేపు ఏడ్చాను. ఫోను ఇంకా చేతిలోనే ఉంది. వాడు "అక్కా, అక్కా" అంటున్నాడు.

బయటికొచ్చి ఆయనకు చెప్పాను.

"చూశావా, మందు పనిచేసింది" అన్నారు.

"కొట్టని ఎకరం కూడా లేచిందండీ."

"గాలికి అటు కూడా పడుంటుందిలే."

"వానకేమో?"

ఆయన తలెత్తి పైన కొబ్బరాకుల వైపు చూశారు. "ఏమో" అన్నారు చివరికి. ఇరవై ఏళ్ళలో ఒక ఆకు గురించి ఆయన ఏమో అనడం నేను విన్నది అప్పుడే.

తర్వాతి ఏడు తమ్ముడు కొట్టుకు ఆకు తెచ్చి, బల్ల మీద పెట్టి, ఆయన వైపు కాకుండా నా వైపు తిరిగాడు. "ఆ పెట్టెలో కాగితం ఒకసారి చదివి పెట్టు అక్కా." వెనక ఐదారుగురు రైతులున్నారు. నేను ఆయన ముఖం వైపు చూశాను. ఆయన ఔననలేదు, కాదనలేదు. కత్తితో పెట్టె కోసి, కాగితం తీసి నా ముందు పెట్టారు. చదివాను. ఒకాయన అప్పటికే రెండుసార్లు కొట్టాడట, డబ్బా అక్కడే పెట్టేసి పోయాడు. అప్పటి నుంచి అడిగినవాళ్ళందరికీ చదివాను. ఆ ఏడు పెట్టెల లెక్క సగం దాటలేదు.

ఓడ మా వీధి చివర ఇంకో కొట్టువాళ్ళకు దక్కింది. ఆ కొట్టాయన భార్య తిరిగొచ్చి ఫొటోలు పట్టుకుని మా ఇంటికి వచ్చింది. నేను ఎక్కిన మూడింటిలో ఏ ఓడా కాదది. నీళ్ళలోకి జారే గొట్టం కూడా ఉంది. ఒక్కో ఫొటో పట్టుకుని చాలాసేపు చూశాను. అన్నం దొరికిందా, గది ఎన్నో అంతస్తు, ఎక్కడెక్కడ ఆగిందని అడిగాను. పొద్దున్నే పై అంతస్తుకు పోయి కమ్మీ పట్టుకుని నిలబడ్డావా అని కూడా అడిగాను.

"ఎక్కడ వదినా, అంత పొద్దున్నే ఎవరు లేస్తారు?" అంది.

ఆవిడ మీద నాకు కోపం వచ్చింది. అంత కోపం ఎందుకో తెలియలేదు. ఫొటోలు సర్ది ఇచ్చి, కాఫీ పెడతానని లోపలికి పోయాను.