ఎడమచెవికి రెండు గాట్లు

జమ్మలమడుగు మిషన్ బడి హాల్లో విక్టోరియా రాణి కాలం నాటి రంగుల చిత్రం ఒకటి ఉండేది. ఇంగ్లండు పల్లెలో ఇద్దరు పిల్లలు, వాళ్ల ఒళ్లో ఒక గొర్రెపిల్ల. పిల్లల కాళ్లకు చెప్పుల్లేవు గానీ మడమలకు మట్టీ లేదు. పేదరికాన్ని గీసే ముందు అక్కడ ఉతికి ఆరేసేవాళ్లని అర్థమైంది.

బడి పండగకు దాని కింద చిత్రకారుడి పేరు రాసిపెట్టమని హెడ్మిస్ట్రెస్ నన్ను ప్రొద్దుటూరు నుంచి పిలిపించారు. నేను కాలేజీలో ఇంగ్లీషు చెప్పేవాణ్ణి. ఇంగ్లీషు వచ్చినవాడికి ఇంగ్లీషు బొమ్మలు తెలియకపోవని ఆమె నమ్మకం. నేనూ ఖండించలేదు, భోజనం పెడతామన్నారు.

సంతకం ఉండాల్సిన మూలను చెదలు తిన్నాయి. మిగిలిన గీత మొదట అక్షరంలా కనబడింది, గంటసేపు చూశాక గడ్డిపరకలా కనబడింది. అట్టముక్క మీద "ఆంగ్ల చిత్రకారుడు, పేరు తెలియదు" అని రాయబోతుంటే, హాలు ఊడుస్తున్న ఆయా చీపురు ఆపింది. వాళ్లది పులివెందుల దగ్గర గొర్రెలు మేపే ఇల్లు.

"సార్, ఇది మా గొర్రెపిల్ల."

"దొరల దేశంలో గీసిన బొమ్మమ్మా ఇది."

"యాడన్నా గీయనీ, చెవి మాత్రం మాదే. ఎడమచెవికి రెండు గాట్లు సూడు. వేరే మందలో కలవకుండా మా నాయన కోసే గుర్తు. ఇంగ్లండోల్లకు మా నాయనేమన్నా సెప్పి పంపినాడా?"

పక్కనే నిచ్చెన పట్టుకున్న డ్రాయింగు సారు ముఖం పాలిపోయింది.

"మెల్లగమ్మా తల్లీ! వచ్చే నెల రిటైరైతాండా. మేడానికి తెలిస్తే నా పింఛను కాగితాలు ఆగిపోతాయి."

పదేళ్ల కిందట పటం దుమ్ము తుడవమంటే ఆయన కిరసనాయిలుతో తుడిచాడట. దుమ్ముతోపాటు గొర్రెపిల్లా పోయిందట. పులివెందుల సంతలో ఒక గొర్రెపిల్లను కొని, దాన్ని చూసి కొత్తది గీశాడు. బొమ్మ అయ్యాక ఆ పిల్ల ఏమైందని నేను అడగలేదు, ఆయన చెప్పలేదు. సంతకం మాత్రం పెట్టలేదు. ఎన్నికలప్పుడు రెండు పార్టీల గుర్తులూ గోడల మీద గీసేది ఆయనే. సంతకం పెట్టకపోవడం ఆరోగ్యానికి మంచిదని ఆయనకు తెలుసు.

ఇంతలో హెడ్మిస్ట్రెస్ వచ్చారు. గాట్ల మాట ఆమె చెవిన పడనే పడింది.

"ఈ గొర్రెపిల్లను గీసింది ఎవరు?"

ఆయా బొమ్మకేసి మళ్లీ చూసింది. "గొర్రె చెవులన్నీ అట్నే ఉంటాయి మేడం."

నేను ఫ్యాను వైపు చూశాను. ఫ్యాక్షన్ కేసుల్లో మా జిల్లా సాక్షులకు ఆ ఏళ్లలో బాగా అబ్బిన విద్య అది. పట్టపగలు కళ్లెదుట జరిగింది కూడా ఎవరికీ కనబడేది కాదు.

ఆమె కళ్లద్దాలు పెట్టుకొని దగ్గరికి వెళ్లారు. "ఎవరైనా కానీ, ఈ పటంలో ప్రాణమున్నది గొర్రెపిల్ల ఒక్కదానికే. పిల్లలు కొయ్యబొమ్మల్లా ఉన్నారు."

కేసు కొట్టేశారనే అనుకున్నాను. నిచ్చెన పక్క నుంచి గొంతు వినబడింది.

"నేనే మేడం."

ఆయా నెత్తి కొట్టుకుంది. "అయిపాయె! ఇంతసేపు మేం ఆడిన అబద్ధమంతా ఏట్లో కలిపినావు గదప్పా!"

కిరసనాయిలుతో సహా కథంతా ఆయనే చెప్పేశాడు. హెడ్మిస్ట్రెస్ కాసేపు నవ్వు ఆపుకొన్నారు.

"పింఛను కాగితాలు రేపు నా బల్ల మీద పెట్టండి, సంతకం చేస్తాను. ఈ నెల్లాళ్లూ ఏ పటాన్నీ తుడవొద్దు."

అట్టముక్క మీద రెండు వరుసలు రాశాను. పిల్లలు: ఆంగ్ల చిత్రకారుడు, పేరు తెలియదు. గొర్రెపిల్ల: ఈ బడి డ్రాయింగు మాస్టారు.

ఆయన రెండుసార్లు చదువుకున్నాడు.

"రెండోది పైన రాస్తే పోలా సార్?"