నేను రాయని ఇండెంటు చీటీ

దయ్యాల మాట ఎవరైనా ఎత్తితే నవ్వేవాణ్ణి. మా సంఘం పాస్టరు గారు సైతాను గురించి చెబుతుంటే వెనక బెంచీలో కునుకు తీసేవాణ్ణి. దయ్యమంటూ ఉంటే మా ఆఫీసు సరుకుల్లాగే దానికీ ఒక కార్డు ఉండాలి, ఇప్పుడెక్కడుందో ఆ కార్డు చూసి చెప్పాలి అని మా ఆవిణ్ణి ఏడిపించేవాణ్ణి. అప్పటికి నాకు ఇరవై ఎనిమిదేళ్లు, నోటి దురద కాస్త ఎక్కువ. ఇప్పుడు ఆ మాటలు అనను.

ఇది అరవైల మొదట్లో సంగతి. ముత్తుకూరుకు తూర్పుగా, బకింగ్‌హాం కాలువ గట్టున ఒక పడవల కంపెనీ ఉండేది. ఉప్పు, సరుగుడు కట్టెలు మద్రాసుకు పంపేవాళ్లు. పడవల మరమ్మతు కూడా గట్టు మీద షెడ్డులోనే. మా అన్న దావీదు ఆ షెడ్డులో పెద్ద వడ్రంగి. ఎస్సెల్సీ పాసై ఊళ్లో బలాదూరుగా తిరుగుతున్న నన్ను ఆ ఆఫీసులో పెట్టించింది ఆయనే.

నేను చేరిన ఏడాదే యజమాని మద్రాసు నుంచి ఒక పెద్దమనిషిని పిలిపించాడు. ఆయన మూడు నెలలు మకాం వేసి కంపెనీ మొత్తాన్ని కార్డుల్లోకి ఎక్కించాడు. పడవకొక కార్డు, మనిషికొక కార్డు, గోదాములో ఉన్న మేకులకీ తారుకీ కూడా కార్డు. ఏ పనికి ఏ సరుకు ఎంత కావాలి, అది ఉందా లేదా, లేకపోతే ఎన్ని రోజుల ముందు తెప్పించాలి, అప్పటికి ఏ పడవ ఖాళీగా ఉంటుంది, ఇవన్నీ ఒక గోడంత బోర్డు మీద కనిపించేవి. మొన్న మా మనవడు వాళ్ల కంపెనీ వ్యవహారమంతా కంప్యూటరులో చూపించి గొప్పలు పోతుంటే, ఇదే పని మేము అట్టముక్కలతో చేశాంరా అన్నాను. వాడు నమ్మలేదు.

ఆ బోర్డుకు నేను గుమాస్తాను. గోదాములోంచి ఏ సరుకు కదలాలన్నా నేను ఇండెంటు చీటీ రాయాలి. నంబర్లు అచ్చువేసిన పుస్తకం, కార్బను పెట్టి మూడు ప్రతులు. ఒకటి గోదాముకు, ఒకటి షెడ్డుకు, ఒకటి పుస్తకంలోనే ఉండాలి. రాసిన చీటీ చించి పారేయడం నేరం. తప్పు పోతే కొట్టేసి దిద్ది, పక్కన పొడి సంతకం పెట్టాలి. పుస్తకం నా బల్ల సొరుగులో ఉండేది, తాళంచెవి నా జేబులో.

కంపెనీలో ఒక మంచి ఆచారం ఉండేది. పనివాళ్ల ఇంట్లో ఎవరైనా పోతే ఆఖరి సరుకు గోదాము నుంచే ఇచ్చేవాళ్లు. హిందువులకు కట్టెలు, సాయిబులకు తెల్లగుడ్డ, కర్పూరం, మా క్రైస్తవులకు పెట్టె చేయడానికి మామిడి పలకలు, మేకులు, లోపలికి గుడ్డ. వాటికీ కార్డులున్నాయి, చీటీలున్నాయి. ఆ పెట్టెలు చేసేది మా అన్నే.

మొదటిసారి జరిగింది ఎండాకాలంలో. గోదాము చూసే మస్తాన్ సాయిబు పెద్దవాడు, అయిదు పూటలా నమాజు తప్పని మనిషి, మాట కూడా తూకం వేసి మాట్లాడేవాడు. ముప్పై బారల లావు మోకుతాడు తీసి పక్కన పెట్టానని కబురు పంపాడు. నేను అడగలేదే అనుకుని పుస్తకం తీసి చూశాను. చీటీ ఉంది. నా రాత, నా సంతకం, నంబరు వరసలోనే ఉంది. ఎండకు మతి తప్పిందనుకున్నాను. మర్నాడు లాకు దగ్గర ఒక పడవ లాగుడు మోకు తెగింది. కొత్త మోకు సిద్ధంగా ఉండబట్టి గంటలో పడవ కదిలింది. యజమాని అందరి ముందూ నా ముందుచూపును మెచ్చుకున్నాడు. నేను చేతులు కట్టుకుని తల వంచి నిలబడ్డాను. మెచ్చుకోలు ఎవరికి చేదు?

పది రోజులకు మళ్లీ ఒక చీటీ. తారు రెండు డబ్బాలు, జనపనార. ఆ మర్నాడే ఒక పడవ అడుగు కారింది. అప్పుడూ పేరు నాదే.

మూడో చీటీలో తెల్లగుడ్డ పన్నెండు గజాలు, కర్పూరం ఉన్నాయి. మస్తాన్ సాయిబు ఆ చీటీ పట్టుకుని నా మొహం వంక చూశాడు. సాయిబుల్లో ఎవరు పోయినారని అడిగాడు. ఎవరూ పోలేదు. మర్నాడు పొద్దెక్కాక పడవ నడిపే సరంగు ఖాదరు దాని మీద నిలబడ్డవాడు నిలబడ్డట్టే కూలిపోయాడు. గుండె ఆగిందన్నారు. ఆ రోజే పుస్తకాన్ని ఇనపపెట్టెలోకి మార్చి, యజమాని చేత తాళం వేయించాను. అవసరమైనప్పుడు ఆయన ముందే తీసి రాసేవాణ్ణి.

అలా నెల గడిచింది. మా అమ్మాయి రూతుకు జ్వరం వచ్చింది. అప్పటికి దానికి ఆరేళ్లు. అంతకుముందు ఇద్దరు పుట్టి పోయారు, మిగిలింది అదొక్కతే. డాక్టరు టైఫాయిడ్ అన్నాడు. పదకొండో రోజుకు పిల్ల కళ్లు తెరవడం మానేసింది. మా ఆవిడ మంచం పట్టెమీద తల పెట్టి ప్రార్థన చేస్తూనే ఉంది. ఆ శనివారం నేను ఆఫీసుకు వెళ్లింది మరో రెండు రోజులు సెలవు అడగడానికే.

మస్తాన్ సాయిబు నాకోసం వాకిట్లోనే నిలబడి ఉన్నాడు. నన్ను గోదాములోకి తీసుకుపోయి తలుపు దగ్గరగా వేశాడు. ఒక చీటీ తాలూకు రెండు ప్రతులూ నా చేతిలో పెట్టాడు. మామిడి పలకలు, నాలుగు అడుగులవి. మేకులు. తెల్లగుడ్డ మూడు గజాలు. నా రాత, నా సంతకం.

"నేను సరుకు తియ్యలా అబ్బయా. ఇంకా ఎవురికీ చూపించలా" అన్నాడు.

ఆ కంపెనీలో క్రైస్తవ కుటుంబాలు రెండే, మాదీ మా అన్నదీ. అన్నకు పిల్లలు లేరు.

యజమాని దగ్గర తాళం తీయించి పుస్తకం తెచ్చాను. మూడో ప్రతి అందులో ఉంది. మూడింటి మీదా అడ్డంగా ఎర్రసిరాతో రద్దు అని రాసి సంతకం పెట్టాను. పేజీ తిప్పాను. వెనక పేజీలో, తరవాతి నంబరు మీద అదే చీటీ ఉంది. నాలుగు అడుగులు. ఇప్పుడే నేను తాకిన పుస్తకం అది. సిరా ఆరి ఉంది. మస్తాన్ సాయిబు కూడా చూశాడు.

రద్దు చెల్లలేదు. ఆ క్షణాన నాకు తోచింది ఒక్కటే, ఇన్నాళ్ల పనిలో అలవాటైందే. చీటీని చింపకూడదు గాని దిద్దవచ్చు. ఆ రెండో చీటీలో నాలుగు కొట్టేసి ఆరు అడుగులు అని రాశాను. గుడ్డ మూడు గజాలు కొట్టేసి ఆరు చేశాను. మూడు ప్రతుల మీదా పొడి సంతకం పెట్టాను.

"ఎవురి కొలత ఇది?" అన్నాడు మస్తాన్ సాయిబు. ఆయన నన్ను తల నుంచి కాళ్ల దాకా చూసి కళ్లు దించుకున్నాడు.

సాయంత్రానికి రూతుకు చెమట పట్టింది. దీపాలు పెట్టే వేళకు నీళ్లడిగింది. మా ఆవిడ పెద్దగా స్తోత్రం చెప్పి ఏడ్చింది. నాకు ఏడుపు రాలేదు. ఇంటి కాగితాలు ఎక్కడున్నాయో ఆమెకు చూపించాను. ఎందుకంటే ఊరికే అన్నాను. చావంటే భయం లేదని చెప్పను. ఆ రాత్రంతా పిల్ల చెయ్యి పట్టుకుని కూర్చున్నాను. కాని ఆ చీటీని మళ్లీ నాలుగు చెయ్యాలని ఒక్కసారి కూడా అనిపించలేదు.

సోమవారం అన్న షెడ్డులో పలకలు కోస్తున్నాడు. చీటీ ఆయనకు చేరింది. నన్ను చూసి రంపం ఆపాడు.

"ఆరడుగులా? ఎవురికిరా తమ్ముడా?"

"స్టాకు కోసం, అన్నా" అన్నాను.

"పాప లేచిందంట గదా. సాయంత్రం మీ వదినా నేనూ వస్తాం. దానికి ఏం కావాలో అడుగు" అని మళ్లీ కోయడం మొదలుపెట్టాడు.

మంగళవారం మధ్యాహ్నం, భోజనాల గంట కొట్టకముందే, షెడ్డులోంచి కేకలు వినిపించాయి. మరమ్మతుకు ఎత్తిన పడవ కింద పెట్టిన దుంగ జారింది. అన్న దాని కింద ఉన్నాడు. మేము పరిగెత్తేసరికే అయిపోయింది.

పలకలు కోసి, చిత్రిక పట్టి సిద్ధంగా ఉన్నాయి. మేకులు కొట్టడమే మిగిలింది. పెట్టె సరిగ్గా సరిపోయింది. ఎందుకు సరిపోదు? అన్నా నేనూ ఒకే ఎత్తు, ఒకే కట్టు. పెళ్లయ్యాక కూడా ఒకరి చొక్కా ఒకరం వేసుకునేవాళ్లం. చీటీ దిద్దేటప్పుడు ఆ సంగతి నాకు గుర్తు రాలేదు. అప్పట్లో ఈ మాట మస్తాన్ సాయిబుకు తప్ప ఇంకెవరికీ చెప్పలేదు. ఆయన విని, అల్లాకే తెలుసన్నాడు, అంతే.

ఆ నెలే ఉద్యోగం మానేశాను. తరవాత చాలా ఏళ్లకు ఒక డాక్టరుకు పేర్లు మార్చి ఈ కథంతా చెప్పాను. మనిషి ఒంటి మీద తెలివి లేకుండా కూడా రాయగలడని, రాసి మరిచిపోతాడని ఆయన అన్నాడు. సరే, నేనే రాశాను. మోకు తెగుతుందని నా చేతికెలా తెలుసు? ఖాదరు గుండె సంగతి ఎలా తెలుసు? యజమాని తాళం కింద ఉన్న పుస్తకంలోకి నా చెయ్యి ఎలా పోయింది?

వదిన ఆ తరవాత మా ఇంట్లోనే ఉండిపోయింది. రూతును పెంచింది ఆమే, పెళ్లిలో తల దువ్వింది ఆమే. నన్ను దేవుడిచ్చిన తమ్ముడని పదిమందిలో చెప్పుకునేది. పోయేదాకా చెప్పుకుంది.

ప్రార్థనలో ఇప్పటికీ ఒక్కటే చెప్పుకుంటాను. ఆ కొలత నాకోసమే రాశాను. కాని ఇండెంటు చీటీలో సరుకు, కొలత, ఎన్ని, ఈ మూడు గడులే ఉండేవి. ఎవరికి అని రాయడానికి చోటు లేదు.