తప్పు దొరకని కథ

మొన్న మా తమ్ముడి కోడలు, సూరత్‌లోనే పుట్టి పెరిగి ఫోనులో ప్రేమకథలు రాసుకునే పిల్ల, చాయ్ గ్లాసు చేతికిచ్చి "మామయ్యా, మీకు క్రిటిక్ పార్ట్‌నర్ ఎవ్వరూ లేరా?" అని అడిగింది. మగ్గాల్లో పార్ట్‌నర్ అంటే లాభం వచ్చినప్పుడు ఎదురుగా, నష్టం వచ్చినప్పుడు ఊళ్లో ఉండేవాడని మనకు తెలిసిన సంగతే కనుక, నాకా దురదృష్టం లేదమ్మా అన్నాను. ఆ పిల్ల పడీపడీ నవ్వి, ఒకరి కథలు ఒకరు విని తప్పులు చెప్పుకునే జోడీని అలా అంటారని వివరించింది. అంత గొప్ప పేరుగల మనిషి నాకూ ఒకడుండేవాడని, ఆయన మా అక్క భర్తేనని అప్పుడు తెలిసింది. చాయ్ చల్లారిపోయింది గాని, ఆ కరోనా రోజులు మాత్రం కళ్ల ముందు నుంచి కదల్లేదు.

ఏడో తరగతిలో నేనూ బడీ ఒకరికొకరు దండం పెట్టుకుని విడిపోయాక మగ్గం మీద పడ్డవాణ్ని నేను. నా కాపురం సూరత్‌లో ఈ చివర అమ్రోలిలో, బావది ఆ చివర వడోద్‌లో. బావ మగ్గం నడపడు. నేసిన తానులను వాలుబల్ల మీద లాగుతూ, తెగిన పోగో నూనె మరకో కనబడితే సుద్దముక్కతో గీత పెట్టే చెకింగ్ పని ఆయనది. మంచి గుడ్డను మెచ్చుకోవడానికి ఎవరూ జీతమివ్వరు కాబట్టి, మెచ్చుకోవడమనే అలవాటే ఆయన ఒంట్లో లేదు. మా అక్క వండిన కూరను కూడా ఇన్నేళ్లలో 'తినొచ్చు' అని తప్ప అనలేదు.

మొదటి లాక్‌డౌన్‌లో మగ్గాలు ఆగిపోయినప్పుడు, అప్పుడిక్కడ ఉన్నవాళ్లకు గుర్తుండే ఉంటుంది, ఆ నిశ్శబ్దానికి మనకు చెవులు నొప్పి పెట్టాయి. పెళ్లాంతో మెల్లగా మాట్లాడాల్సి రావడం నాకదే మొదలు. పని లేక కథలు రాసి, ఫోనులో చదివి రికార్డు చేసి బావకు పంపేవాణ్ని. ఆయన దయ్యాల కథలు చెప్పి నాకు పంపేవాడు. ఆయన దయ్యాలు షిఫ్టు దిగగానే బుద్ధిగా ఇంటికి పోతాయి తప్ప ఎవర్నీ భయపెట్టవని నేనంటే పూటంతా అలిగేవాడు. నా కథలకు మాత్రం ఆయన జాలి చూపింది లేదు. ఒకదాంట్లో కథానాయకుడు ప్రాణం పోయేముందు భార్యకు పేజీడు ఉపదేశం చేస్తే, ఫోనులో బావ గొంతు ఉరిమింది.

"ఏంది బామ్మర్ది, గీడు సచ్చేటోడా, ఓట్లడిగేటోడా? గంత సేపు మాట్లాడుతడా? కోసెయ్."

తిట్టుకుంటూ కోసేవాణ్ని, కోశాక కథ నిలబడేది. నేసేవాళ్లలో కొందరికొక తెలివి ఉంది: అంచు దగ్గర కంటికి కనబడేలా చిన్న లోపం వదిలేస్తే, చెకింగ్ మనిషి దాన్ని పట్టుకున్న సంతోషంలో మిగతావి చూసీ చూడనట్టు పోతాడని. ఆ విద్యనే నేను కథల్లోకి తెచ్చి, ప్రతి కథలో కావాలనే ఒక తప్పు పెట్టేవాణ్ని. బావ దాన్నీ పట్టుకునేవాడు, మిగతావాటినీ వదిలేవాడు కాదు. అయినా అదొక ఆటయి, నేను మానలేదు.

మరుసటి ఏడు జబ్బు మళ్లీ విరుచుకుపడేసరికి, అక్క తన కూతురి పురుడని ఊరికి పోయి ఉంది, బావ వడోద్ గదిలో ఒక్కడే. అప్పుడు నేను పంపిన కథలో, మొదట్లోనే చనిపోయి, జనం ఏడ్చి కాల్చి వచ్చిన ముసలాయన చివర్లో కుర్చీలో కూర్చుని చాయ్ తాగుతాడు. అంతకంటే పెద్ద తప్పు చెయ్యడం నా వల్ల కాదు. బావ ఎట్లా తిడతాడో అని ముందే నవ్వుకుంటూ కూర్చుంటే, పొద్దెక్కాక బదులొచ్చింది.

"మంచిగుంది బామ్మర్ది. ఏం తప్పు లేదు."

గాల్లో తేలిపోతూ వంటింట్లోకి పోయి మా ఆవిడకు వినిపించాను. ఆమె రొట్టెను పెనం మీదే వదిలేసి నా మొహంలోకి చూసింది.

"ఆయన మంచిగుంది అన్నడా? పానం మంచిగున్నదో లేదో అడుగు పో!"

మళ్లీ వింటే, మాటకూ మాటకూ మధ్య ఊపిరి గుంజుకుంటున్న చప్పుడు. కాలిపోయినవాడు చాయ్ తాగినా బావ పట్టుకోలేదు! ఫోను చేస్తే ఎత్తలేదు. మోటారు సైకిలు మీద తాపీ నది వంతెన దాటి, అడ్డమొచ్చిన ప్రతి పోలీసుకూ దండం పెట్టుకుంటూ వడోద్ చేరాను. తలుపు తెరిచే ఉంది. గోడకానుకుని కూర్చున్న బావకు పెదవులు నీలం తిరిగాయి. ఏనాడూ నా జోకుకు నవ్వని మనిషి, నేను నోరు తెరవకముందే నన్ను చూసి నవ్వాడు. ఆ నవ్వుకు నేను నిలువునా హడలిపోయాను.

"చెప్పకపోతివేంది బావా?"

"నువ్వు... రాస్కుంటున్నవ్ గద..."

పక్క గది మనిషి సాయం పడితే ఆటోలో వేసుకుని, ఒక ఆసుపత్రి కాదంటే ఇంకోటి తిరిగి, చివరికొక వరండాలో మంచమూ ఆక్సిజనూ దొరికించుకున్నాం. ఇంకొక్క పూట ఆలస్యమైతే దక్కేవాడు కాదని డాక్టరమ్మ అంటుంటే, ఎదురుగా ఉన్న బావను ముట్టుకుని చూసుకున్నాను.

దక్కాడు. కోలుకున్నాక, పాత ముచ్చట మళ్లీ మొదలవుతుందని, తప్పులతడక కథొకటి పంపాను. మంచిగుంది అన్నాడు. ఈసారి ఊపిరి బాగానే ఆడుతోంది. భయపడి మళ్లీ పరుగెత్తాను, ఏమైందని నిలదీశాను. బావ ఆసుపత్రి సంగతి చెప్పాడు.

"పక్క మంచంల ఒక గుజరాతీ పెద్దమనిషి, తన పెండ్లి ముచ్చట షురూ చేసిండు. బారాత్ కాడ నేనే ఆపి, గట్ల కాదు కాకా, పిల్లను ఎట్ల జూసినవో ముందుగాల చెప్పు అంటి. సరే, రేపు మొదటి సంది చెప్తా అన్నడు. తెల్లారి సూస్తే మంచం ఖాళీ. ఇగ నేను ఎవ్వరి కథకు అడ్డం రాను బామ్మర్ది."

మళ్లీ ఎన్నడూ అడ్డం రాలేదు. ఇప్పుడు ఊళ్లో అక్కతోనే ఉంటున్నాడు, కూర మహా బాగుందంటున్నాడట, అక్కకు మొదట్లో భయమేసిందట. మాస్కులు పోయి, అంతా మునుపటిలాగే ఉందని అందరూ అంటుంటే నేనూ తలూపుతాను. ఏం పంపినా బావ చివరిదాకా వింటాడు, మంచిగుంది అంటాడు. ఆయన గొంతు వినబడుతున్నందుకు దేవుడికి దండం పెట్టుకుంటాను. ఒక్కసారి పాత లెక్కన తిట్టు బావా అని అడగాలని నోటిదాకా వస్తుంది. అడగలేక, అక్కను అడిగినట్టు చెప్పమని ఫోను పెట్టేస్తాను.