మేనత్త కట్టిన ఊరు, పెదనాన్న పీకిన సెల్లు

మా మేనత్త పోయిందని అమ్మ ఫోన్ చేసినప్పుడు నేను రాయచోటిలో బస్సెక్కుతున్నాను. ఏడుపు కంటే ముందు కోపం వచ్చింది. అది ఇంకా దిగలేదు. పోయినవాళ్ల గురించి మెత్తగా రాయాలంటారు. ఆమె గురించి మెత్తగానే రాస్తాను. మా పెదనాన్న ఇంకా బతికే ఉన్నాడు కాబట్టి ఆయనకు ఆ మర్యాద అక్కర్లేదు.

భర్త పోయాక అత్త కడపలో అన్న ఇంటికే, అంటే మా పెదనాన్న ఇంటికే, వచ్చేసింది. పొద్దునంతా ఆయన దుకాణానికి పొట్లాలు కట్టేది. మధ్యాహ్నం, నేను ఆడి వదిలేసిన పాత వీడియో గేమ్ ముందు కూర్చునేది. అందులో ఊరు కట్టే ఆట ఒక్కటే ఆమెకు నచ్చింది. కాస్త జాగా కనిపిస్తే చాలు, చెరువు పెట్టేసేది.

"ఇన్ని చెరువులేంది అత్తా?" అంటే, "కడపలో యాడుండాయమ్మీ నీళ్లు? ఈడన్నా ఉండనీ" అనేది.

చెరువు గట్టున ఒక ఇల్లు నాది, ఒకటి అమ్మది. పెద్దమ్మకు మాత్రం ఇవ్వలేదు. ఎప్పుడో ఒక పెళ్లిలో తనకు వడ్డించకుండా దాటిపోయిందట! "క్షమించేది దేవుని పని. గుర్తుపెట్టుకునేది నా పని" అని నవ్వేది. ఆ మాట నాకు బాగా ఒంటబట్టింది.

ఆ కాలపు గేమ్ క్యాసెట్‌లో ఆడిందంతా ఒక చిన్న చిప్పులో ఉంటుంది. టీవీ కట్టేసినా అది మరిచిపోకుండా పక్కనే బిళ్లంత సెల్లు కాపలా కాస్తుంది. సెల్లు తీస్తే అంతా పోతుంది. ఇది పెదనాన్నకు తెలుసు. "అన్నా, నా ఊరంతా ఆ సెల్లు మీదనే బతుకుతాంది" అని అత్తే ముచ్చటగా చెప్పింది.

మొన్న ఎండాకాలం అత్త ఆసుపత్రిలో ఉన్నప్పుడు పెదనాన్న కారు తాళంలో సెల్లు అయిపోయింది. ఇంట్లో ఉండే వస్తువు బయట కొంటే లక్ష్మి అలుగుతుందని మా వాళ్ల నమ్మకం. క్యాసెట్ విప్పి, పట్టకారుతో సెల్లు పీకి, తాళంలో వేసుకున్నాడు.

అత్త ఇంటికొచ్చి ఆట పెట్టింది. ఊరు లేదు.

"కొత్త సెల్లు ఏపిస్తాలేమ్మా, ఆటే కదా" అన్నాడు పెదనాన్న.

"సెల్లు వస్తాదన్నా. ఊరు రాదు."

ఆ తర్వాత ఆమె మళ్లీ ఆ టీవీ ముందు కూర్చోలేదు. కొన్ని వారాలకే పోయింది. గుండె అన్నారు డాక్టర్లు. అననీ.

పెద్దకర్మ రోజు ఫోటో ముందు ఆమెకు ఇష్టమైనవన్నీ పెట్టాం. ఉగ్గాని, బజ్జీలు, పాయసం. "నా చెల్లెలికి ఏం తక్కువ చేసినానప్పా" అని పెదనాన్న బంధువుల ముందు కళ్లు తుడుచుకుంటున్నాడు. నా ఒళ్లు మండిపోయింది. టీవీ తెచ్చి విస్తరి పక్కన పెట్టి, ఆట వేశాను. అమ్మ నా చెయ్యి గిల్లింది. గిల్లితే గిల్లింది.

ఇంటికి పెద్ద కాబట్టి మొదట మొక్కాల్సింది పెదనాన్నే.

"ఏందమ్మీ ఇది?" అన్నాడు.

"అత్త ఊరు పెదనాన్నా. నువ్వు సెల్లు పీకినాక మిగిలింది."

అందరూ విన్నారు. ఎవరైనా టీవీ ఆపుతారేమోనని ఆయన చుట్టూ చూశాడు. పెద్దమ్మ కూడా కదల్లేదు. చివరికి ఆయన వంగి చేతులు జోడించాడు. ఎదురుగా తెర నిండా ఎర్రటి బోడి నేల, చుక్క నీళ్లు లేకుండా.