పాలేటి వారి పిల్లగా మైపాడు వెళ్ళిన రోజు

నా పెళ్ళికి మూడు వారాలుందనగా మా అవ్వ నన్ను మైపాడు తీసుకుపోయింది. అరవైల మొదట్లో మాట. మాది బుచ్చిరెడ్డిపాలెం పక్క పల్లె. వరి మళ్ళ మధ్య పెరిగిన నాకు సముద్రం పూటలో పోయి రాగలిగినంత దగ్గరని తెలుసుగానీ, అప్పటిదాకా దాన్ని చూసింది లేదు. గాజులు, పసుపు కుంకాలు కొనాలని ఇంట్లో చెప్పి బయల్దేరాం. బస్సు పెన్న వంతెన ఎక్కాక గానీ అవ్వ అసలు సంగతి బయటపెట్టలేదు.

“గాజులు సాయంత్రం కొందాంలే. ముందు మైపాట్లో ఒకామెను చూసొద్దాం. పెళ్ళయితే నీ ఇంటిపేరు మారిపోతాది. పాలేటోళ్ళ పిల్లగా ఉండంగానే నిన్ను ఆమెకు చూపించాల” అంది.

ఆ రోజుల్లో బుచ్చి నుంచి నెల్లూరికి గంట పట్టేది. తెల్లవారుజామున మొదటి బస్సు అందుకుంటే ఎండ ముదరకముందే పట్నంలో దిగొచ్చు. కొత్త పైసలు వచ్చి కొన్నేళ్ళయినా అవ్వ లెక్క ఇంకా అణాల్లోనే ఉండేది. ఆమె అడిగినప్పుడల్లా కండక్టరు నవ్వుతూ ఆ లెక్కలోకి మార్చి చెప్పాడు. నెల్లూరులో దిగి, నెయ్యి దోసెలు తిని, జట్కాలో మైపాడు బస్సు ఆగేచోటికి చేరాం. ఆ బస్సు తీరిగ్గా, జనం నిండాకే కదిలేది. బస్సు నిండేలోపల అవ్వ ఇన్నేళ్ళూ దాచుకున్న కథంతా నా చెవిలో చెప్పింది.

అవ్వ కాపురానికొచ్చిన మరుసటి ఏడు, మొదటి కాన్పుకి దక్షిణాన ఉన్న పుట్టింటికి కాలువ పడవలో వెళుతోంది. తోడు ఒక ముసలి దాసి. మైపాడు దగ్గరికి వచ్చేసరికి నెలలు నిండకుండానే నొప్పులు మొదలయ్యాయి. పడవ ఒడ్డుకు పట్టారు. గట్టు మీద చేపలు ఎండబెడుతున్న ఒక పల్లెకారు ఇల్లాలు పరుగెత్తుకొచ్చి, “ఎవురింటి బిడ్డమ్మా?” అని అడిగింది. “పాలేటోళ్ళ కోడల్ని” అంది అవ్వ. “మేమూ పాలేటోళ్ళమే. అయితే మా ఇంటి పిల్లవే, రా” అని ఆమె భుజం పట్టి గుడిసెలోకి నడిపించింది. ఆమె పేరు కోటమ్మ.

పుట్టిన పిల్లవాడు అరచేతిలో ఇమిడేంత. అవ్వకు జ్వరం, పాలు పడలేదు. కోటమ్మ తన చంటిపిల్లకు ఒక రొమ్ము, వీడికి ఒక రొమ్ము ఇచ్చింది. నెల గడిచాక అవ్వ అన్న వచ్చి తల్లీబిడ్డల్ని తీసుకుపోయాడు. అత్తింట్లో మాత్రం ఈ సంగతి పొక్కనివ్వలేదు. కులం కాని ఇంటి పాలు తాగాడని తెలిస్తే ఏమంటారోనని భయం. మా తాత పోయేదాకా అవ్వ నోరు విప్పలేదు. ఆ పిల్లవాడే మా నాయన.

బస్సు కాలువ ఇవతలే ఆగింది. అవతలికి పడవ దాటాలి. పడవతన్ని అడగమని అవ్వ నన్ను మోచేత్తో పొడిచింది. నేనే అడిగాను, “పాలేటి కోటమ్మ అని... ఉందా?”

“ఉండాదమ్మా. చూపు ఆనదు గానీ నోరు బాగుండాది” అన్నాడు గెడ వేస్తూ.

ఇసుకలో నడుస్తుంటే అవ్వ రెండుసార్లు ఆగింది. “ఇన్నేళ్ళు రాలేదేమే అంటే ఏం చెప్పేది?” అని నన్నే అడిగింది. తాటాకు ఇంటి ముందు, వల నీడలో కూర్చుని ఉంది కోటమ్మ. అవ్వ ఎదురుగా చతికిలబడి, “కోటమ్మక్కా, నేను రమణమ్మను. పడవలో వచ్చిన పాలేటోళ్ళ కోడల్ని” అంది.

ముసలామె చేతులు గాలిలో తడుముకుంటూ వచ్చి అవ్వ చేతుల్ని పట్టుకున్నాయి. ఎందుకు రాలేదని ఆమె అడగలేదు.

“పిల్లోడు బతికినాడా?” అంది.

అంతకాలం ఆమెకు ఆ సంగతి తెలియదని అప్పుడు అర్థమైంది నాకు. అవ్వ ఏడుపు ఆపుకోలేక నన్ను ముందుకు తోసింది. “బతికినాడక్కా. ఇది వాడి కూతురు.”

కోటమ్మ నా ముఖమంతా తడిమింది. నుదురు, ముక్కు, గడ్డం. “వాడి మాదిరే గడ్డం మీద సొట్ట ఉండాదే!” అని పకపకా నవ్వి, వెంటనే కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వెక్కింది. ఆమె కోడలు వండిన మాగచేపల పులుసు, అన్నం ముగ్గురం ఒకే చాప మీద కూర్చుని తిన్నాం. నన్ను ఏ ఇంటికిస్తున్నారో ఆరా తీసి, “యా ఇంటిపేరయినా పెట్టుకో. కాన్పుకి చోటు కావాలంటే ఇక్కడికి రా” అంది కోటమ్మ. సముద్రాన్ని చూసింది కాసేపే. అలలు కాళ్ళను తాకుతుంటే నాకు కళ్ళముందు ఆమె ముఖమే.

ఇంటికి చేరి అవ్వ అంతా చెప్పేసింది. నాయన “నేను బతికినానా అని అడిగిందా?” అని ఒక్క మాట అన్నాడు. మర్నాడు బియ్యం బస్తా బస్సు మీద వేయించుకుని ఒక్కడే మైపాడు వెళ్ళాడు. నా పెళ్ళికి కోటమ్మను తనే తీసుకొచ్చి అవ్వ పక్కన కూర్చోబెట్టాడు. ఈమె ఎవరని చిన్నాన్న గొంతు పెంచితే, “మా అమ్మ” అన్నాడు. 

పాలేటి అనే ఇంటిపేరు అవ్వకూ కోటమ్మకూ పెళ్ళితో వచ్చింది, నాకు పెళ్ళితో పోయింది. అది మా ముగ్గురిలో ఎవరి దగ్గరా పుట్టినప్పటి నుంచి పోయేదాకా లేదు. అయినా అదే లేకపోతే ఆ పొద్దు గుడిసెలోకి పిలుపు వచ్చేదో లేదో, మా నాయన ఉండేవాడో లేదో. ఇంటిపేరులో గొప్ప ఏముందని ఎవరైనా అంటే నేను వాదించను. కోటమ్మ చేతుల్ని తలుచుకుంటాను.

మైపాడు వెళ్ళాలనుకునేవారికి ఒక మాట. ఇప్పుడు నెల్లూరు నుంచి దారి సులువే. అలల కోసమైతే ఏ సాయంత్రమైనా వెళ్ళండి. మనిషి కోసమైతే మాత్రం పొద్దున్నే బయల్దేరండి, మాటలు తెగకముందే తిరుగు బస్సు వచ్చేస్తుంది.