మదనపల్లె గాలి మా ఇంట్లోకి రాలేదు

మదనపల్లెకు కాపురం మారుస్తున్నామని చెప్పినప్పుడు పుంగనూరులో అందరూ ఒకటే మాట అన్నారు. "అదృష్టమమ్మా నీది. ఆ ఊరి గాలి మందు మాదిరి పని చేస్తాది." చిన్నప్పటి నుంచి నేనూ ఆ మాట వింటూనే పెరిగాను. ఎండాకాలంలో కూడా సాయంత్రమయ్యేసరికి చల్లబడుతుందని, రోగాలున్న వాళ్లు అక్కడికి వచ్చి కోలుకుని వెళ్లేవాళ్లని మా ఇంట్లో పెద్దవాళ్లు చెప్పేవారు. అందుకే సంతోషంగానే సామాను సర్దుకున్నాను.

మా ఆయన ట్రాక్టర్లు బాగుచేసే మెకానిక్కు. ఆయన పనిచేసే షోరూము వాళ్లు పుంగనూరు బ్రాంచి మూసేసి అందరినీ మదనపల్లెకు రమ్మన్నారు. నేను ఇంట్లోనే జాకెట్లు కుట్టేదాన్ని. పుంగనూరులో మేమున్న అద్దె ఇల్లు గొప్పదేమీ కాదు. రెండు చిన్న గదులు, పైన రేకులు. వాన పడితే ఒకరి మాట ఒకరికి వినపడేది కాదు. ఎండలు ముదిరితే మధ్యాహ్నం పూట తల మీద తడిగుడ్డ వేసుకుని కూర్చునేదాన్ని. కానీ వీధి వైపు ఒక వరండా ఉండేది. మిషన్ అక్కడే వేసుకున్నాను. పాల కేంద్రంలో పాలు పోసి తిరిగొచ్చే ఆడవాళ్లు ఖాళీ క్యాన్లు మెట్టు మీద పెట్టి, "పాపా, ఈ చెయ్యి రొంత వదులు చేసిపెట్టు" అంటూ మొదలుపెట్టి, ఇంట్లో సంగతులన్నీ చెప్పి, నవ్వించి, చివరికి జాకెట్టు సంగతి మరచిపోయి వెళ్లిపోయేవాళ్లు. ఆ ఇంట్లో ఉన్నన్నాళ్లూ నేను రేకుల్ని తిట్టుకుంటూనే ఉన్నాను. బాగున్నానన్న సంగతి మాత్రం నాకు తోచనే లేదు.

మదనపల్లెలో ఇల్లు మా ఆయనే చూసి వచ్చారు. "సిమెంటు మిద్దె. షోరూముకు దగ్గర. నల్లగా మెరిసే బండలు పరిచినారు" అని ఎంతో గర్వంగా చెప్పారు. వెళ్లి చూస్తే అది ఒక మేడ వెనక భాగం. పక్క సందులోంచి లోపలికి పోవాలి. ముందు గది, వంటగది, పడక గది ఒకదాని వెనక ఒకటి, రైలు పెట్టెల్లాగా. ఉన్న ఒక్క కిటికీ తెరిస్తే పక్కింటి గోడ. చెయ్యి చాస్తే తగిలేంత దగ్గర. నేను చేరిన రోజు మధ్యాహ్నం ఒంటిగంటకు ట్యూబులైటు వేసి అన్నం వడ్డించాను. మా ఆయన పైకి చూసి, "బాగుంది గదా, చల్లగా ఉండాది" అన్నారు. చల్లగానే ఉంది. చీకట్లో ఉన్న బావి కూడా చల్లగానే ఉంటుంది.

మొదటి నెలంతా సర్దుకుపోవాలనే చూశాను. పొద్దున లేస్తే తెల్లవారిందో లేదో తెలిసేది కాదు. బయట టమోటాలు తీసుకుపోయే లారీల హారన్లు వినిపిస్తే, ఓహో పొద్దెక్కింది అనుకునేదాన్ని. బజారుకు వెళ్లినప్పుడు ఆ పేరున్న గాలి నిజంగానే వీచేది. ఒళ్లంతా హాయిగా అనిపించేది. సందు మలుపు తిరిగి ఇంటి తలుపు తీసేసరికి ఆ గాలి సందు మొదట్లోనే ఆగిపోయేది. ఊరంతా పంచుకుంటున్న దాంట్లో నా వాటా ఎవరో ఎగ్గొట్టినట్టు ఉండేది నాకు.

మిషన్ దగ్గర కష్టం మొదలైంది. లైటు వెలుతురు నా వెనక నుంచి పడుతుంది, గుడ్డ మీద నా నీడే పడుతుంది. పైన ఉండే ఓనరమ్మను అడిగాను. "మెట్ల కింద రొంత చోటుండాది కదమ్మా, పగటి పూట మిషన్ ఆడ వేసుకుంటాను. సాయంత్రం తీసేస్తాను."

ఆవిడ చెడ్డ మనిషి కాదు. పండగలకు వడలు పంపేది. కానీ ఇంటి విషయంలో మాత్రం మాట పడనిచ్చేది కాదు. "ఆడ స్కూటరు పెడతారు. ఆడోళ్లు వచ్చిపోతా ఉంటే సందంతా సంత అయిపోతాది" అంది. తర్వాత నా ముఖం చూసి, గొంతు తగ్గించి, "ఊరికే యాల ఇట్లా దిగులు పడతాండావు? ఒక బిడ్డ పుడితే అంతా సరిపోతాదమ్మా" అంది.

నేను అడిగింది మెట్ల కింద చోటు. ఆవిడ ఇచ్చింది బిడ్డ గురించిన సలహా. ఆ రోజు నుంచి అది నన్ను వదల్లేదు. ఏం చెప్పినా అందరికీ అదే కారణం. తలనొప్పి అంటే బిడ్డ లేకపోవడం. నిద్ర పట్టడం లేదంటే బిడ్డ లేకపోవడం. మా ఆయన డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్తే ఆవిడ రక్తం పరీక్షలు రాసి, అన్నీ బాగానే ఉన్నాయని చెప్పి, బలానికి మాత్రలిచ్చి, చివరికి బిడ్డల సంగతే అడిగింది. "మా ఇంట్లో ఎండ రాదండీ" అన్నాను. ఆవిడ నవ్వి, ఎండకు బదులుగా ఇంకో మాత్ర రాసింది.

అలా ఉండగా ఒక పెళ్లి జాకెట్టు పాడుచేశాను. ముదురు ఆకుపచ్చ పట్టు గుడ్డ. చీకట్లో ముదురు నీలం దారం ఆకుపచ్చదనుకుని మొత్తం కుట్టేశాను. ఆ గుడ్డ తెచ్చిన ఆమె సందులోకి తీసుకుపోయి వెలుతురులో చూసి, అక్కడి నుంచే కేకలు వేసింది.

"ఏమక్కా, కండ్లు కనబడవా నీకు? పెండ్లి కూతురు వేసుకునేది ఇది!"

తప్పు నాదే. విప్పి మళ్లీ కుట్టి ఇస్తానంటే అయిపోయేది. కానీ నాకు ఎక్కడ లేని కోపం వచ్చింది. "కండ్లు బాగానే ఉండాయి. ఈ ఇంట్లోనే ఏమీ కనబడదు. వచ్చి నువ్వు కుట్టి చూడు" అని సందు మార్మోగేలా అరిచాను. ఆమె గుడ్డ లాక్కుని వెళ్లిపోయింది. ఆ తర్వాత ఆ వీధిలో నా పేరు 'కోపం మనిషి'. కుట్టుపని సగానికి సగం పడిపోయింది. పుంగనూరులో నన్నెవరూ అలా అనలేదు. నేనూ ఎవరి మీదా అలా అరవలేదు. నాలో ఎప్పటి నుంచో ఈ మనిషి ఉండి ఇప్పుడు బయటపడిందా, లేక ఈ ఇల్లే నన్నిలా తయారుచేసిందా అని ఎంత ఆలోచించినా తేలేది కాదు.

అదే సమయంలో మా అక్క కూతురి వోణీల వేడుక వచ్చింది. అక్క ఇల్లు పుంగనూరులోనే. వేడుక అయిపోయినా నేను కదల్లేదు. పెరట్లో చాప వేసుకుని కూర్చుని ఉల్లిపాయలు కోశాను, పిల్లలకు జడలు వేశాను, మధ్యాహ్నం కమ్మగా నిద్రపోయాను. మాత్రలు సంచిలోంచి తీయనే లేదు. నన్ను తీసుకుపోవడానికి మా ఆయన వచ్చినప్పుడు నేను అక్కతో ఏదో మాట్లాడుతూ పొట్ట పట్టుకుని నవ్వుతున్నాను. ఆయన వాకిట్లోనే నిలబడిపోయారు.

బస్సులో టిక్కెట్లు తీసుకుని మడిచి జేబులో పెట్టుకున్నారు. తర్వాత కిటికీ వైపు చూస్తూ అడిగారు. "నాతో ఉండేది నీకు కష్టంగా ఉండాదా?"

"అదేం మాట?"

"ఈడ నవ్వుతావు. ఆడికి పోతే ముఖం ముడుచుకుంటావు. ఆడ ఉండేది నేనే గదా?"

"మీతో కాదు. ఆ ఇంటితో."

"ఇల్లు ఏం చేస్తాదే? గోడలు నిన్ను కొడతాయా?"

ఆయన పొద్దున ఎనిమిదికి వెళ్లిపోతారు. పగలంతా ఎండలో, గాలిలో, పది మంది మధ్య పని చేసి చీకటి పడ్డాక వస్తారు. ఆ వేళకు ఏ ఇల్లయినా ఒకటే. లైటు వేసుకోవాల్సిందే. మేమిద్దరం ఒకే తాళంచెవి వాడుతున్నాం గానీ ఒకే ఇంట్లో ఉండటం లేదు. ఈ మాట అప్పుడు నోటికి రాలేదు. వచ్చి ఉంటే ఇంకా పెద్ద గొడవయ్యేది.

నా మాట ఆయనకు అర్థమైంది నా వల్ల కాదు. షోరూములో ఇనుప కడ్డీ జారి ఆయన కాలి మీద పడింది. ఎముక చిట్లి, మోకాలి దాకా కట్టు కట్టారు. నెల పైనే ఇంట్లో ఉండమన్నారు. నాలుగు రోజులు సెలవు దొరికినట్టు ఫోన్ చూసుకుంటూ హాయిగా ఉన్నారు. ఆ తర్వాత మొదలైంది. చారులో ఉప్పు తక్కువని గిన్నె నెట్టేశారు. పైన ఓనరమ్మ మోటారు వేస్తే చెవులు మూసుకున్నారు. చూడటానికి వచ్చిన స్నేహితుణ్ణి కూర్చోమని కూడా అనలేదు. ఒక రోజు నన్ను పిలిచి, "టైమెంత?" అని అడిగారు. పదకొండున్నర అన్నాను.

"పగలా?" అన్నారు.

ఆయన కిటికీ అవతలి గోడ వైపు చూశారు. "నువ్వు దినమంతా ఈడనే ఉంటావా?" అన్నారు. ఆ ఇంట్లో రెండేళ్ల కాపురం తర్వాత అడిగిన ప్రశ్న అది. నాకు ఏడుపు, ఒళ్లుమంట రెండూ కలిసి వచ్చాయి. "ఇంకెక్కడ ఉంటాననుకున్నారు?" అని మాత్రం అని వంటగదిలోకి వెళ్లిపోయాను.

కట్టు విప్పాక ఇల్లు వెతకడం మొదలుపెట్టాం. దొరకలేదు. వెలుతురున్నవి మాకు అందవు, అందేవాటిలో వెలుతురు లేదు. ఇంతలో గ్రానైటు యంత్రాలు బాగుచేసే పని ఒకటి కుప్పంలో ఉందని తెలిసింది. ఆయన వెంటనే ఒప్పుకున్నారు. ఈసారి ఇల్లు నేనే చూస్తానని పట్టుబట్టాను. చూసిన ప్రతి ఇంట్లోనూ ముందు లైట్లన్నీ ఆర్పించి, గది మధ్యలో నిలబడి సూదిలోకి దారం ఎక్కించి చూసేదాన్ని. బ్రోకరు నన్నొక వింత మనిషిలా చూశాడు. చివరికి ఊరి చివర రెండో అంతస్తులో ఒక ఇల్లు దొరికింది. మూడు వైపులా కిటికీలు. పొద్దున ఎండ నేరుగా మంచం మీద పడుతుంది. మొదటి రోజు నేల మీద పడుకుని ఆ ఎండను ఒళ్లంతా పడనిచ్చాను. ఇక నా కష్టాలన్నీ తీరిపోయాయనుకున్నాను.

మూడు నెలలకే మళ్లీ ముఖం ముడుచుకుంది.

ఈసారి ఇంటిని తిట్టడానికి లేదు, ఎంచుకున్నది నేను. కిటికీలు తెరిస్తే వెలుతురుతో పాటు రాళ్లు కోసే దుమ్ము కూడా వచ్చి మిషన్ మీద పల్చగా పేరుకునేది. అది తుడుచుకోవచ్చు. కానీ మెట్లెక్కి పైకి వచ్చేవాళ్లే లేరు. చుట్టూ ఖాళీ ప్లాట్లు. కింద ఇంటివాళ్లు పొద్దున రైలెక్కి బెంగళూరు వెళ్లి, రాత్రికి వచ్చి పడుకునేవాళ్లు. ఎదురుపడితే తమిళం, తెలుగు కలిపి రెండు ముక్కలు మాట్లాడి నవ్వి వెళ్లిపోయేవాళ్లు. మధ్యాహ్నం పూట అంత వెలుగులో, అన్ని కిటికీల మధ్య, మదనపల్లె గదిలో ఉన్నంత ఊపిరాడక కూర్చునేదాన్ని. ఎవరికైనా చెబుదామంటే నవ్వుతారు. మా ఆయనకు చెప్పడానికైతే నోరే రాలేదు. ఒకరోజు ఆయనే కనిపెట్టారు.

"ఇప్పుడేమి? ఎండ వస్తాండాది గదా?"

"వస్తాండాది. ఎండ తప్ప ఇంకెవరూ రావడం లేదు."

ఆయన రెండు చేతులూ తల మీద పెట్టుకున్నారు. "ఇంకో ఇల్లు మారేది నావల్ల కాదమ్మే."

"ఇల్లు మారమని నేను అడగలేదు. నన్ను బజార్లో కూర్చోనీయండి."

బజారు వీధిలో గాజులు, రిబ్బన్లు అమ్మే ఒకామె తన అంగడి ముందర మిషన్ వేసుకోవడానికి చోటిచ్చింది. అంగడి అంటే పేరుకే. పైన టార్పాలిన్ పట్ట కట్టిన ఇరుకు చోటు. నా ఎదురుగా ఆటోలు హారన్లు కొడుతూ నిలబడతాయి. మధ్యాహ్నం వెలుతురు కూడా అంతంతమాత్రమే, లైటు వేసుకునే కుడతాను. పొద్దున నేను మిషన్ మూత తీస్తుండగానే ఆమె, "ఏమక్కా, సాపాటు అయిందా?" అని అడుగుతుంది. ఆ తర్వాత మూడు భాషల్లో రోజంతా ఎవరో ఒకరు ఏదో ఒకటి చెబుతూనే ఉంటారు. కొలతలు చెప్పడానికి వచ్చి గంటసేపు కూర్చునేవాళ్లున్నారు. ఇక్కడ నాకు కోపం మనిషి అన్న పేరు రాలేదు. రాలేదని గొప్పగా చెప్పుకోవడానికి కూడా నాకు భయం. రేపు ఈమె అంగడి ఎత్తేస్తే నేనేమవుతానో నాకు తెలుసు.

నా మీద నాకే చిరాకు వేసేది ఈ విషయంలోనే. బాగుండటానికి ఇన్ని కావాలా ఒక మనిషికి? చీకటి ఇల్లు పనికిరాదు, వెలుగున్న ఇల్లూ చాలదు. ఎక్కడున్నా చిరునవ్వుతో ఉండే ఆడవాళ్లను చూస్తాను. వాళ్లెలా ఉంటారో అడగాలనిపిస్తుంది. అడిగితే బిడ్డల గురించి చెబుతారేమోనని అడగను.

ఆదివారాలు బజారు మూత. ఆ రోజు ఇంట్లోనే ఉంటాను. పదిగంటలకల్లా గిన్నెల చప్పుడు పెరుగుతుంది, అది విని మా ఆయన చొక్కా తొడుక్కుంటారు. ఇద్దరం నడుచుకుంటూ రైల్వే స్టేషను దాకా వెళ్లి, ప్లాట్‌ఫారం బెంచీ మీద కూర్చుంటాం. బెంగళూరు బండి వస్తుంది. కూరగాయల బుట్టలు, పిల్లలు, మూటలు దిగుతాయి. మొన్న ఆదివారం ఆయన వేరుశనక్కాయల పొట్లం నా చేతిలో పెట్టి, నెమ్మదిగా అడిగారు. "నిజం చెప్పు. మళ్లీ ఇల్లు సూడాల్నా?"

"ఇప్పుడొద్దు" అన్నాను.

"ఇప్పుడొద్దు అంటే?"

"బజారు వీధిలో, కింద ఇల్లు, వీధి వైపు వాకిలి ఉండేది ఏదైనా ఖాళీ అయితే చెప్పమని గాజులామెతో అన్నాను. ఊరికే అన్నానులెండి."

ఆయన ఒక పెద్ద నిట్టూర్పు విడిచి, కాయ ఒకటి ఒలిచి నోట్లో వేసుకున్నారు.